గురుగ్రహం చుట్టూ బంగారు వలయం

మా స్కూల్లో పిల్లలు విదేశం వెళ్ళకముందే వాళ్ళ యాత్రానుభవాలు పుస్తకంగా వచ్చేస్తాయి. విమానం దిగిన మర్నాడే ఆవిష్కరణ సభ జరగాలని మా ప్రిన్సిపాల్ పట్టుదల. ఆలస్యమైతే వేడి చల్లారిపోతుందట. అందుకని తొమ్మిదో తరగతి పిల్లలు నలభై మంది తరఫున నలభై అనుభవాలు నేనే నెల ముందు కూర్చుని రాశాను. భాష చెప్పే టీచర్ని కాబట్టి ఇలాంటి చాకిరీ అంతా నా నెత్తినే రుద్దుతారు. ఒకడు వానలో తడిసి ముద్దయ్యాడు, ఇంకొకడికి మ్యూజియంలో నోట మాట రాలేదు. ముప్పయ్యో వాడి దగ్గరికొచ్చేసరికి నాకే నవ్వొచ్చింది. సిగ్గు మాత్రం రాలేదు.

ఆ నలభై మందిలో దర్జీ కూతురు ఒకతే సైన్సు పరీక్షలో మొదటి స్థానం తెచ్చుకుని ఉచితంగా సీటు సంపాదించుకుంది. మా యూనిఫారాలు కుట్టేది వాళ్ళ నాన్నే. ఆ పిల్లకి యాత్రంతా ఒక ఎత్తు, నాలుగో రోజు వెళ్ళబోయే ఖగోళ పరిశోధనశాల ఒక ఎత్తు. అక్కడి పెద్ద టెలిస్కోపులో తన కంటితో తను చూడాలి. అక్కడివాళ్ళని అడగడానికి నోటుబుక్కులో పదకొండు ప్రశ్నలు కూడా రాసి పెట్టుకుంది.

ఆ పిల్ల పేరు మీద నేను శనిగ్రహాన్నీ, దాని చుట్టూ ఉన్న వలయాన్నీ చూసినట్టు రాశాను. ప్రిన్సిపాల్ చదివి మొహం చిట్లించాడు.

"శుభమా అని పుస్తకం వేస్తుంటే మధ్యలో శని ఏంటండీ? గురుడికి మార్చేయండి. పెద్దరికంగా ఉంటుంది."

మార్చేశాను. ఎవరి అనుభవం వాళ్ళు బట్టీ పట్టడానికని ప్రూఫు కాగితాలు పంచాక, దర్జీ కూతురు నా దగ్గరికొచ్చింది.

"టీచర్, గురుడి చుట్టూ అలాంటి వలయం కనపడదండి. అయినా మనం వెళ్ళేది మధ్యాహ్నం రెండింటికి కదా. ఆ టైములో సూర్యుణ్ణి చూపిస్తారంట, మీద మచ్చలుంటే అవి కూడా కనిపిస్తాయంట."

"ప్రెస్సుకి వెళ్ళిపోయిందమ్మా. అయినా ఎవరు చూడొచ్చారు?"

"పోనీలెండి," అంది. "అందులో ఏమున్నా నేను నిజంగా చూస్తాను కదా."

తీరా వెళ్ళాక మా ప్రిన్సిపాల్ పుస్తకం ముందు పెట్టుకుని దేశాన్ని దానికి తగ్గట్టు సర్దుకున్నాడు. పుస్తకంలో వాన ఉంది, అక్కడేమో ఎండ మాడ్చేస్తోంది. సభలో చూపించే ఫొటో కోసం ఐదుగురు పిల్లల్ని హోటలు షవరు కింద తల తడుపుకుని రమ్మన్నాడు. మ్యూజియం బయట స్కూలు పేరున్న బ్యానరు పట్టుకున్నాం, లోపలా బ్యానరే పట్టుకున్నాం. పిల్లల కంటే ఆ గుడ్డముక్కే ఆ ఊరు ఎక్కువ చూసింది.

నాలుగో రోజు పరిశోధనశాలలో మాకిచ్చిన సమయం రెండు నుంచి రెండున్నర దాకా. ప్రిన్సిపాల్ మా అందరినీ మెట్ల మీద నిలబెట్టి, బస్సు డ్రైవరు చేతికి ఫోనిచ్చాడు. ఒకసారి బ్యానరు తలకిందులైంది. ఒకసారి ఎవరో కళ్ళు మూశారు. ఇంకోసారి ప్రిన్సిపాల్ పొట్ట ఉన్నదున్నట్టు పడింది. రెండూ ఇరవై అయింది. దర్జీ కూతురు వరసలోంచి బయటికొచ్చింది.

"సార్, టైమైపోతోంది సార్. నేనొక్కదాన్నే వెళ్ళి ఒక్కసారి చూసొచ్చేస్తాను సార్."

"నువ్వెళ్తే ఫొటోలో పిల్లలు ముప్పై తొమ్మిది మందే ఉంటారు. బుద్ధుందా?"

ఆ పిల్ల నా వైపు చూసింది. నేను బ్యానరు కొస సరిచేశాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

రెండున్నరకి ఏ బ్యానరూ లేని వేరే స్కూలు పిల్లలు మమ్మల్ని దాటుకుని లోపలికెళ్ళారు. తలుపు మూసుకుంది. మేం బస్సెక్కాం. దర్జీ కూతురు ఏడవలేదు. నోటుబుక్కు సంచి అడుగుకి తోసేసి, మడతపెట్టిన ప్రూఫు కాగితం తీసి చదువుకోవడం మొదలుపెట్టింది.

సభకి ముఖ్య అతిథిగా ఓ పెద్ద కాలేజీ డైరెక్టరు వచ్చాడు. పుస్తకం తిరగేస్తూ ఆ పిల్లని వేదిక మీదికి పిలిచాడు.

"టెలిస్కోపులో ఏం చూశావమ్మా?"

నిజం చెప్పేస్తుందేమోనని భయపడ్డాను. ఆ తర్వాత నిజం చెప్తే బావుణ్ణని కూడా అనిపించింది. వెనక వరసలో వాళ్ళ నాన్న మెడలో టేపు తీయడం కూడా మరిచిపోయి నిలబడి ఉన్నాడు.

"గురుగ్రహాన్నీ, దాని చుట్టూ మెరిసే బంగారు వలయాన్నీ చూసి నా కళ్ళు చెమర్చాయి సార్."

అక్షరం పొల్లుపోలేదు. నేను కామా పెట్టిన చోట ఆగి మరీ చెప్పింది. హాలంతా చప్పట్లు. అంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక్కరికైనా, గురుడి చుట్టూ బంగారు వలయమేంటన్న అనుమానం రాలేదు. ప్రిన్సిపాల్ మాత్రం జేబురుమాలుతో కళ్ళొత్తుకున్నాడు.

వేదిక దిగి వస్తూ ఆ పిల్ల నా కుర్చీ దగ్గర ఆగింది.

"ఎక్కడైనా తప్పు పోయిందా టీచర్?"

"లేదమ్మా," అన్నాను.

తలూపి వాళ్ళ నాన్న దగ్గరికెళ్ళింది. ఆయన కూతురి తల నిమిరి, "ఆ చప్పట్లలో సరిగా వినపడలేదే. ఏం చూశావో నాకోసారి చెప్పమ్మా," అన్నాడు.

ఆ పిల్ల ఆయన కళ్ళలోకి చూస్తూ అదే వాక్యం మళ్ళీ చెప్పింది. కామా దగ్గర ఆగింది కూడా.