ముసలమ్మను సాగనంపిన రోజు

దారి చూపే ఉపగ్రహాల్లో అన్నిటికంటే పాతదాన్ని వాటిని నడిపే కేంద్రంలో అందరూ ముసలమ్మ అనేవారు. దాని గడియారం రోజూ రవ్వంత వెనకబడేది. పొద్దున్నే దాన్ని సరిచేసే పని అక్కడి ఇంజనీరు ఒకావిడది. పెళ్లయిన కొత్తలో చేరిన ఉద్యోగం, చూస్తూండగానే జుట్టు నెరిసిపోయింది.

కొత్త ఉపగ్రహాలు తమలో తాము మాట్లాడుకుని టైము సరిచూసుకుంటాయి. నేలమీది మనుషులతో వాటికి పెద్దగా పనిలేదు. అందుకే ఆ మధ్యాహ్నం ముసలమ్మను ఆపేయాలనుకున్నారు. దాన్ని పైకి పంపిన రోజుల్లో ఆ కేంద్రానికి పెద్దగా ఉండి, ఎప్పుడో రిటైరైన ఆఫీసరుగారిని కూడా పిలిచారు.

"ఇంకా నిన్ను సతాయిస్తూనే ఉందా అమ్మా?" అంటూ వచ్చారాయన.

"అలవాటైపోయింది సార్. మా అత్తగారు కూడా నాచేత ఇంత చాకిరీ చేయించుకోలేదు."

ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఆఖరి ఆదేశం మీరే పంపండంటూ ఆవిడ కీబోర్డు ఆయన ముందుకు జరిపింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"నావల్ల కాదు. రోజూ పలకరించింది నువ్వు. నువ్వే సాగనంపు."

ఆవిడ మొదట ఎప్పటిలాగే దాని గడియారం సరిచేసింది.

"ఆపేసేదానికి ఇప్పుడెందుకమ్మా?"

"తప్పు టైముతో ఎలా పంపను సార్?" అంది.

తర్వాత మీట నొక్కింది. తెరమీద కదిలే గీత ఆగిపోయింది. కిటికీ అవతల బస్సులూ కార్లూ ఎప్పటిలాగే పోతున్నాయి.

"ఒక్కరూ దారి తప్పలేదు సార్" అందావిడ కళ్లు తుడుచుకుంటూ, కాస్త తృప్తిగా, కాస్త ఉక్రోషంగా.