కెటిలా, కుక్కరా

వ్యాన్‌లో దీపాలు ఒక్కసారిగా ఆరిపోయాయి. సీటు కింద ఇన్వర్టర్ కీచుమని మొత్తుకుంది.

మెకానిక్ ఒక్క అంగలో దాన్ని చేరి, మీట నొక్కి నోరు మూయించాడు. ఊపిరి బిగబట్టి వెనక్కి చూశాడు. పరుపు మీద అతని భార్య అటు ఒత్తిగిలి మళ్లీ నిద్రలోకి జారుకుంది. ఆసుపత్రిలో నర్సు. వరసగా నైట్ డ్యూటీలు చేసి, వ్యాన్ సరస్సు ఒడ్డున ఆగీ ఆగగానే పడుకుండిపోయింది.

బయట జోరున వాన. సాయంత్రపు మసక వెలుతురులో, నూడుల్స్ కప్పు పట్టుకుని కెటిల్ పక్కన నిలబడి ఉంది గువ్వ. భార్య మొదటి పెళ్లి నాటి కూతురు.

"కెటిల్ పెట్టావా?" గుసగుసగా అడిగాడు.

"పెట్టుకున్నా. పెట్టుకోకూడదా?"

"పెట్టుకోవచ్చు. కరెంటు కుక్కర్‌లో అన్నం ఉడుకుతోంది కదమ్మా. రెండూ కలిస్తే ఇన్వర్టర్ మొయ్యలేదు."

"ఆ ముక్క నాకెవరు చెప్పారు?"

నిజమే, ఎవరూ చెప్పలేదు. ఈ వ్యాన్‌కి వైర్లన్నీ అతనే లాగాడు. నలభై దాటేదాకా ఒంటరిగా వండుకు తిన్న మనిషి. తను ఒక స్విచ్ వేసినప్పుడు ఇంకో చెయ్యి ఇంకో స్విచ్ వేస్తుందన్న ఊహే రాలేదు.

రేపు ఇంటికి వెళ్లేలోగా గువ్వ తేల్చి చెప్పాలి. వీళ్లతో కలిసి అతని ఇంట్లో ఉంటుందా, పిన్ని దగ్గరే ఉండిపోతుందా అని. తల్లి బలవంతపెట్టనంది. అడిగే హక్కు తనకు లేదనుకున్నాడు మెకానిక్. పొద్దుటినుంచీ అతను వండింది పిల్ల ముట్టలేదు. 'నాది నేను చేసుకుంటా' అని ఒకటే మాట. పెళ్లికి ముందు అతన్ని 'అంకుల్' అనేది. పెళ్లయ్యాక అదీ మానేసి, 'వినపడిందా' అంటూ నెట్టుకొస్తోంది.

అతను బ్యాటరీ మీటర్ చూశాడు. రోజంతా మబ్బు. పైకప్పు మీది సోలార్ పలక సోమరిలా పడుకుంది. మిగిలిన కరెంటు ఒక్క కెటిల్ నీళ్లకు సరిపోతుంది. అన్నం ఉడికేదాకా మాత్రం రాదు.

"ఇంజన్ ఆన్ చేస్తే ఛార్జి ఎక్కదా?" గువ్వ అడిగింది.

"ఎక్కుతుంది. ఆ మోతకి అమ్మ లేస్తుంది."

ఇద్దరూ ఒకేసారి పరుపు వైపు చూశారు. ఇంజన్ మాట మళ్లీ ఎత్తలేదు.

"లిఫ్టులో కూడా ఇంతే," అన్నాడు మెకానిక్. అతని బతుకంతా లిఫ్టుల రిపేరులోనే గడిచింది. "బరువు ఎక్కువైతే కుయ్యిమంటుంది గానీ కదలదు."

"అంటే ఎక్కువైంది నేనా?"

ఆ మాట చాకులా దిగింది. కంగారుపడి ఏదో ఒకటి అనెయ్యకూడదు. నిదానించాడు.

"కాదమ్మా. ఇద్దరం చూసుకోకుండా ఒకేసారి ఎక్కాం. నువ్వు కానియ్యి. నీ కెటిల్ పెట్టుకో."

కుక్కర్ ప్లగ్ పీకేసి, ఇన్వర్టర్ మళ్లీ ఆన్ చేశాడు. గువ్వ కెటిల్ మీట మీద వేలు పెట్టి ఆగింది.

"మరి అన్నం?"

"పోతే పోయింది. బిస్కెట్లున్నాయి."

"అమ్మ లేచి బిస్కెట్లు తింటుందా?"

కెటిల్ నిండా నీళ్లు పోసి పెట్టింది. నీళ్లు మరిగాక నూడుల్స్ కప్పు వైపు పోలేదు. కుక్కర్ మూత తీసి, సగం ఉడికిన అన్నం మునిగేదాకా పోసింది. అన్నంలో వేసిన బఠాణీలు పైకి తేలాయి.

"వినపడిందా, దుప్పటివ్వండి. వేడి పోకపోతే అదే ఉడుకుతుంది. పిన్ని గిన్నె దించి ఇలాగే చుడుతుంది."

అతను తన దుప్పటి ఇచ్చాడు. చాలక స్వెట్టర్ విప్పి ఇచ్చాడు. గువ్వ గిన్నెని కుక్కర్‌లోంచి తీసి, మూతతో సహా చంటిపిల్లలా చుట్టి ఒళ్లో పెట్టుకుంది.

"కాలదూ?"

"వెచ్చగా ఉంది. స్వెట్టర్ ఇచ్చేశారు, మీకు చలేస్తుంది. ఇటు రండి."

దుప్పటి మూట మీద అటో చెయ్యి, ఇటో చెయ్యి. వాన తగ్గేదాకా అలాగే కూర్చున్నారు.

మూత తీస్తే పైన మెతుకు బాగానే ఉంది, అడుగున కాస్త పలుకు. గువ్వ పైది తల్లికి తీసి పక్కన పెట్టింది. అడుగుది రెండు పళ్లాల్లో సమంగా పెట్టి ఒకటి అతని వైపు తోసింది. తనదాంట్లోంచి ఓ ముద్ద నోట్లో వేసుకుని కటకటా నమిలింది.

"ఉప్పు మర్చిపోయారు."

"ఉడికాక వేద్దామనుకున్నా."

"ఎవరైనా ఉడికాక వేస్తారా?" ఇంకో ముద్ద తింది. మరొకటి తింది. తల ఎత్తకుండానే అడిగింది. "మీ ఇంట్లో నాకిస్తానన్న గదిలో ప్లగ్ పాయింట్లు ఎన్ని?"

మెకానిక్ చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది.

"ఒకటే. రేపు వెళ్లగానే ఇంకోటి వేసేస్తా."

"వద్దు. ముందే వేసెయ్యకండి. నేనొచ్చాక ఎక్కడ కావాలో చూపిస్తా, అక్కడ వేద్దురు."

అతను సరేనని తల ఊపాడు. గువ్వ ఉప్పు డబ్బా వెతకడానికి లేచింది.