నీలం గేటు ఇల్లు

నేను ఒక ఇనుప గేటును. అంతకుముందు లారీని. మీరు నవ్వినా సరే, ఆ మాట చెప్పనిదే నా పరిచయం పూర్తి కాదు. సాలూరులో లారీలు కట్టే షెడ్డు వెనక, ఘాటురోడ్డు ఎక్కీ దిగీ అలిసిపోయిన బండినొకదాన్ని విప్పేశారు. దాని రేకులూ కడ్డీలూ ఏరి, వంచి, అతికి నన్ను చేశారు. లారీల వెనక బొమ్మలేసే చెయ్యే నా ఒంటికి నీలం రంగు పూసి, రెండు రెక్కల మీదా చెరో నెమలినీ గీసింది. ఎడమ నెమలికి మెడ కాస్త పొడుగైంది. నాకది లోపమని ఎన్నడూ తోచలేదు.

మొదట నన్ను కొన్నది పార్వతీపురంలో బెల్లం వర్తకుడు. ఎప్పుడూ కాలితో తన్నే తెరిచేవాడు. తరవాత వచ్చిన సర్వేయరు నాకు రోజూ తాళం వేసేవాడు, వేశానో లేదోనని మళ్ళీ వచ్చి లాగి చూసేవాడు. నా పక్కనున్న ప్రహరీ నడుమెత్తు కూడా లేదన్న సంగతి ఆయనకెప్పుడూ గుర్తురాలేదు. మూడోవాళ్ళు సింహాద్రి, వరహాలమ్మ. వాళ్ళ కాలానికి నాకు గొంతు వచ్చింది. తెరిస్తే కీచుమని వీధంతా వినిపించేది.

వరహాలమ్మకు బస్సు కాంప్లెక్సు దగ్గర ఇడ్లీ కొట్టుంది. రోజూ తెల్లవారకముందే పిండి గుండిగ నెత్తిన పెట్టుకుని, రైలు గేటు దాటి నడిచి వెళ్ళేది. ఆ చలికాలం ఆమె మోకాళ్ళు మొరాయించాయి. కొట్టు వెనకే ఒక గది ఖాళీ అయింది. ఈ ఇల్లు అమ్ముడైతే ఆ గదిలోకి మారిపోవచ్చు. గది యజమాని సంక్రాంతి పండగ దాకా ఆగుతానన్నాడు. అయితే ఈలోగా ధనుర్మాసం వచ్చి నెలగంట పెట్టేస్తారు. ఆ నెలంతా మా వైపు ఇళ్ళు కొనేవాళ్ళు గుమ్మం కదలరు.

అందుకని సింహాద్రి నా మీద పడ్డాడు. "ఇల్లు లోపలెవులు సూస్తారే? ముందు గేటే గదా అవుపడేది," అన్నాడు భార్యతో. ప్రహరీకి సున్నం కొట్టాడు. మంచుకు ఎండి వేలాడుతున్న సన్నజాజి తీగ కత్తిరించాడు. నా గొంతులో నూనె పోశాడు. ఆపైన నీలం మీద, నెమళ్ళ మీద, దట్టంగా కాఫీరంగు పూశాడు.

పూసింది సాయంత్రం పూట. తెల్లారేసరికి మంచు కురిసి ఒళ్ళంతా జిగటగా ఉన్నాను. ఆరలేదని బెంగపడి ఆ తడి మీదే ఇంకో పూత వేశాడు! ఇక ఆరితే ఒట్టు. బ్రోకరు అప్పలస్వామి మనుషుల్ని తీసుకొస్తానంటే, "గేటు ఆరనీ, అప్పుడు తే," అంటూ వచ్చాడు. మనుషులు అందంగా కనబడాలని చేసే ఆలస్యానికి అంతుండదు. నేను ఆరకముందే వీధిలో నెలగంట ముగ్గులు పడ్డాయి.

వరహాలమ్మ ముగ్గు గిన్నె అరుగు మీద పెట్టి, మోకాలు పట్టుకుని కూర్చుంది. సింహాద్రి నా వంక చూడలేక గోడవైపు తిరిగాడు.

ఆ పొగమంచులోంచే ఒకావిడ వచ్చింది. తెల్లచీర, మీద స్వెట్టరు. ఎస్తేరు, ఆసుపత్రిలో నర్సు. నా ముందునుంచి వెళ్ళింది, తిరిగి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. చివరికి ఎదురింటి పైడమ్మ తలుపు తట్టింది. పైడమ్మ గేటూ నీలమే మరి.

"అమ్మా, ఇల్లు అమ్మీస్తన్నారంట గదా?"

"ఎవులు సెప్పినారమ్మా ఆ మాట! మాకేటి తిండికి లేదనా? మా ఇంట్లో మేం బతికున్నాం!"

"నీలం గేటు, నెమళ్ళు, తీస్తే కీచుమంటాదని అప్పలస్వామి సెప్పినాడమ్మా."

పైడమ్మ వీధి దాటి నా వంక చూసింది. తరవాత పకపకా నవ్వింది. "ఒలమ్మ, ఆ పిట్టల్ని సింహాద్రి బావ మింగీసినాడు! వరాలొదినా, ఇలారా!"

వరహాలమ్మ కంగారుగా నన్ను తోసింది. నూనె పుణ్యమా అని నేను కిక్కురుమనలేదు. ఆమె అరచెయ్యి మాత్రం కాఫీరంగై నాకంటుకుపోయింది.

ఎస్తేరు ఇంటి సంగతి అడగలేదు. "కిరసనాయిలుందా?" అంది. చేతిసంచీలోంచి దూది తీసి, అరుగు మీద కూర్చుని, ఆ చేతిని తన ఒళ్ళో పెట్టుకుని వేలు వేలూ తుడిచింది. నా మీదుగా ఎన్నో చేతులు వెళ్ళాయి గాని, ఒక చెయ్యి ఇంకో చేతిని అంత నిదానంగా చూసుకోవడం నేను చూడలేదు.

మిగిలిన దూదితో నన్నూ ఓ చోట రుద్దింది. పొడుగు మెడ నెమలి బయటపడింది.

"కీచుమనదా మరి?" అని అడిగింది.

"నూనేసినానమ్మా, అసలు సప్పుడే లేదు," అన్నాడు సింహాద్రి గర్వంగా.

"అయ్యో! మా యమ్మకి సూపు ఆనదు. ఒక్కర్తీ ఉంటాది. గేటు మోగితే నానొచ్చినానని తెలుస్తాదనే ఇంత దూరం వచ్చినాను."

సింహాద్రి లోపలికి పరిగెత్తాడు. గుడ్డా బూడిదా తెచ్చి నా బందుల్ని తోమడం మొదలెట్టాడు. "రొండ్రోజులు మంచు తగిలితే అదే అరుస్తాదమ్మా, నాదీ పూచీ!"

ఇల్లంతా చూసి వచ్చి, ఎస్తేరు బయానా ఇవ్వబోయింది. సింహాద్రి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నెలలోనా? సెడ్డది గదా?"

"మాకిది క్రిస్మస్ నెల బాబూ. ఇంతకన్న మంచి నెల ఏటుంటాది?"

"ఇచ్చీ ఆయమ్మకి లేని పట్టింపు నీకేటి?" అంది వరహాలమ్మ, మోకాలి నొప్పి మరిచి లేచి నిలబడి. "పట్టు సెయ్యి."

సంక్రాంతి రాకముందే వరహాలమ్మ కొట్టు వెనక గదిలో నిద్ర లేస్తోంది. పిండి గుండిగకు ఇప్పుడు నాలుగడుగుల ప్రయాణం.

నా నెమళ్ళు రెండూ బయటికొచ్చాయి. వాటి మధ్య ఒక కాగితం నక్షత్రం వేలాడుతోంది, లోపల దీపంతో. మా వీధిలో అమ్మే ఇళ్ళకు రంగులేస్తుంటే చూస్తుంటాను. వెయ్యనివ్వండి, తప్పులేదు. నాకు మాత్రం నా పని తెలుసు. తెల్లవారుజామున డ్యూటీ దిగి ఎస్తేరు నన్ను తోస్తుంది. నేను గొంతెత్తుతాను. లోపల చీకట్లోంచి ముసలి గొంతు పలుకుతుంది:

"వచ్చీసినావా అమ్మా?"