ముక్కు మేస్త్రి చొక్కా

ముక్కు మేస్త్రి షెడ్డుకొచ్చిన ఓ కారు వెనక గొంతుక్కూర్చుని, గొట్టంలోంచి వచ్చే పొగను అరచేత్తో ముఖంవైపు తోసుకుని, కళ్ళు మూసుకుని గాలి పీల్చాడు. రోజూ చేసే పనే. షెడ్డుకు ఏ బండి వచ్చినా ముందు అతని ముక్కు కింద నుంచి వెళ్ళవలసిందే. పచ్చి పెట్రోలు వాసన వస్తే ఇంజను అరిగించుకోలేనంత తాగుతోందని, కమురు కంపయితే ఆయిలు మండుతోందని, కుళ్ళిన గుడ్ల కంపయితే పొగను శుభ్రం చేసే డబ్బా చెడిందని చెప్పేసేవాడు. మోకాళ్ళు అరిగి బరువు పనులు మానుకున్నాక షెడ్డు యజమాని అతన్ని ఉంచుకున్నది ఆ ముక్కును చూసే.

ఇప్పుడు ఆ ముక్కుకు ఏమీ తెలియలేదు. మొన్నటి జ్వరం పోతూ పోతూ వాసనను వెంట తీసుకుపోయింది. ఈ సంగతి పెళ్ళానికి కూడా చెప్పలేదు. బయటపడితే ఉద్యోగం పోతుంది, అంతకంటే ముందు పేరు పోతుంది. నల్లపొగో నీలిపొగో కంటితో చూసి, చప్పుడు చెవితో విని, మిగిలింది బుకాయించి నెట్టుకొస్తున్నాడు. దొంగకు తేలు కుట్టినట్టుంది పాపం అతని పని.

"ప్లగ్గులమ్మా. మార్చేస్తే లాగుతుంది," అన్నాడు బండి తెచ్చిన అమ్మాయితో.

బండి ఎత్తు ఎక్కడం లేదనీ, పెట్రోలు తెగ తాగుతోందనీ, ముందర పసుపు లైటు ఆరడం లేదనీ ఆమె చెప్పింది. "ఒక్కటి మాత్రం మేలండీ. ఇంట్లో కన్ను మూయనివ్వని పిల్ల బండెక్కితే చాలు, ఇట్టే పడుకుంటుంది," అంది చంకలో పాపను చూసి మురిసిపోతూ.

ఆ మాట మేస్త్రి చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. ప్లగ్గులు మార్చి ఇంజను ఆన్ చేశాడు. ఎండగా ఉందని ఆ అమ్మాయి పాపతో వెనక సీట్లో కూర్చుని, ఏసీ కోసం అద్దాలు ఎత్తుకుంది.

అప్పుడే మేస్త్రి భార్య క్యారియర్ పట్టుకుని వచ్చింది. ఆమెకొక సరదా ఉంది. ఉతికే ముందు మొగుడి చొక్కా వాసన చూసి, "ఇవాళ డీజిలు బండి", "ఇవాళ ఆయిలు తాగే ముసలి బండి" అని చెబుతుంది. పెళ్ళైన కొత్తలో ముక్కు మూసుకుని మొదలుపెట్టిన ఆట అది. జ్వరం తర్వాత ఆ మాటల కోసం అతను చెవులప్పగించి కూర్చుంటున్నాడు.

పాపను ముద్దు చేద్దామని ఆమె కారు తలుపు తీసి, వెంటనే వెనక్కి జరిగింది.

"ఏంటమ్మా ఈ కంపు? కుళ్ళిన గుడ్లు దాచావా లోపల?"

ఆ అమ్మాయి సిగ్గుపడింది. "పాపదేమో అనుకుంటున్నానండీ ఇన్నాళ్ళూ. ఎన్నిసార్లు గుడ్డలు మార్చినా పోదు."

"పాలు తాగే పిల్ల మీద వేస్తావేంటి తల్లీ నింద! ఇది మా ఆయన చొక్కాకు అంటుకొచ్చే పొగ వాసన."

మేస్త్రి చేతిలోంచి పానా జారిపోయింది. గుడ్ల కంపు, పసుపు లైటు, బండెక్కితే నిద్రపోయే పిల్ల. అది నిద్ర కాదు, విషప్పొగ మత్తు.

"దిగమ్మా! పాపను తీసుకుని దిగు!" అని అరుస్తూ ఇంజను ఆపేశాడు.

అరికాలి మీద గిల్లితే పాప కాస్త ఆలస్యంగా కళ్ళు తెరిచింది. తల్లి తనకూ రోజూ తలనొప్పేనని చెప్పింది. యజమాని పరుగున వచ్చి ఇద్దరినీ ఆటో ఎక్కించి ఆసుపత్రికి పంపాడు.

"నా ముక్కు పోయింది," అన్నాడు మేస్త్రి అతనితో. "జ్వరం వచ్చిన దగ్గర్నుంచీ. ప్లగ్గులని బుకాయించాను. ఈవిడ రాకపోతే అలాగే పంపేసేవాణ్ణి." భార్య ముఖం చూడలేకపోయాడు.

"పాలు అడుగంటి ఇల్లంతా కంపు కొడుతుంటే పొయ్యి పక్కనే కూర్చుని పేపరు చదివావు," అంది ఆమె. "ఆ రోజే తెలిసింది. నువ్వు చెబుతావేమోనని చూస్తున్నా."

బండిని పైకెత్తి చూశారు. డబ్బా వెనకున్న గొట్టం అతుకు దగ్గర పగిలింది. డబ్బా లోపల పూడుకుపోయింది. సీటు కింద రంధ్రానికి ఉండాల్సిన రబ్బరు బిళ్ళ ఎప్పుడో ఊడిపోయింది. పొగ నేరుగా లోపలికే వస్తోంది. మేస్త్రి మోకాళ్ళ నొప్పి మరిచి బండి కింద దూరాడు. గొట్టం, డబ్బా కొత్తవి వేసి, రంధ్రం మూసి, ప్రతి అతుకునూ తడిమి తడిమి చూసి బిగించాడు.

సాయంత్రం ఆ అమ్మాయి పాపను ఎత్తుకుని నవ్వుముఖంతో వచ్చింది. పాపకు భయమేమీ లేదన్నాడట డాక్టరు. బండి కదలగానే పాప గుక్కపెట్టి ఏడుపు లంకించుకుంది. మలుపు తిరిగేదాకా వినిపించిన ఆ ఏడుపుకు షెడ్డులో ముగ్గురి ప్రాణమూ కుదుటపడింది.

"ఇక రేపట్నుంచి రానయ్యా. ముక్కు లేని ముక్కు మేస్త్రి నీకెందుకు?" అన్నాడు మేస్త్రి, చొక్కా మార్చుకుంటూ.

"ముక్కు ఎక్కడికి పోయింది బాబాయ్, నీ ఇంట్లోనే ఉందిగా," అన్నాడు యజమాని. "పిన్ని క్యారియర్ కాస్త పెందలాడే తెస్తే సరి. నువ్వు చూడు, విను. వాసన సంగతి పిన్ని చెబుతుంది."

"నిలబడి వాసన చూడటం నావల్ల కాదు నాయనా. కుర్చీ వేయించు," అంది ఆమె.

మేస్త్రి నవ్వాడు. జ్వరం తగ్గాక అంత తేలిగ్గా నవ్వడం అదే మొదలు. పని చొక్కాను చుట్టి సంచిలో పెట్టబోతే ఆమె లాక్కుని, మళ్ళీ మేకుకు తగిలించింది.

"ఇంటికి తీసుకెళ్ళి వాసన చూసేదేముంది? ఇవాళ్టి సంగతి నాకు తెలుసుగా."

ఇద్దరూ నెమ్మదిగా వీధిలోకి నడిచారు. యజమాని షట్టరు దించాడు. లోపల మేకుకు ఆ చొక్కా మిగిలింది, చేతులు మోచేతుల దాకా మడిచినవి మడిచినట్టే.