లాస్ట్ డేట్ హనుమాండ్లు

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో హనుమాండ్లు దుకాణం ఏదని అడిగితే ఎవరూ చెప్పలేరు. లాస్ట్ డేట్ అన్న దుకాణం అని అడగండి, పది చేతులు లేస్తాయి. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, ఒక జిరాక్స్ మిషను. నలుగురు నిలబడితే ఐదోవాడు మెట్ల మీద ఆగాల్సినంత జాగా. ఉద్యోగాల నోటిఫికేషన్లు పడినప్పుడు ఆన్‌లైన్‌లో అప్లికేషన్లు నింపి, ఫీజు కట్టి, ప్రింటు చేతిలో పెట్టడం అతని పని. పదకొండేళ్ళలో ఒక్కరికి కూడా గడువు దాటనివ్వలేదు. ఆ పేరు ఊరికే రాలేదు మరి.

అతని పద్ధతి ఒకటుంది. ఒక్కో నోటిఫికేషన్‌కు బల్ల మీద ఒక్కో ఇనుప ఊచ. వచ్చినవాళ్ళ వివరాలు కాగితం మీద రాయించుకుని, ఫీజు తీసుకుని, ఆ కాగితం ఊచకు గుచ్చుతాడు. తీరిక దొరికినప్పుడల్లా పైనుంచి ఒక్కొక్కటే తీసి పని కానిస్తాడు. అంటే, ముందొచ్చినవాళ్ళది అడుగున పడుతుంది, నిన్న వచ్చినవాడిది ముందు అయిపోతుంది. ఇదేం న్యాయమన్నా అని ఎవరైనా అడిగితే, “అడుగుదైతేంది, మీదిదైతేంది? లాస్ట్ డేట్ లోపట ఊచ ఖాళీ అయితదా, లేదా?” అనేవాడు. అయ్యేది. కాబట్టి ఎవరూ రెండోసారి అడగలేదు.

ఈసారి ల్యాబ్ టెక్నీషియన్ పోస్టుల ఊచకు మొట్టమొదట గుచ్చిన కాగితం సుకన్యది. యూసుఫ్‌గూడలో అద్దె గది, సోమాజిగూడలో ఒక ఆసుపత్రి ల్యాబులో కాంట్రాక్టు కొలువు. తొమ్మిదేళ్ళుగా అదే కాంట్రాక్టు, కాస్త అటూ ఇటుగా అదే జీతం. ఈ పోస్టులకు వయసు హద్దు ముప్పై ఐదు. వచ్చే నెలలో ఆమెకు ముప్పై ఆరు వస్తాయి. గడువు తొమ్మిది రోజులుండగానే వచ్చి ఫీజు పన్నెండు వందలూ అతని చేతిలో పెట్టింది.

“ఇదే నా ఆఖరి ఛాన్సు అన్నా. నాకు డ్యూటీల తోటి తీరదు. నువ్వయితే ఫికరుండదని నీకిచ్చి పోతున్న.”

“ఫికర్ చెయ్యకు చెల్లె. పోయి చదువుకో,” అన్నాడు హనుమాండ్లు, ఊచకు కాగితం గుచ్చుతూ. మాట ఇచ్చేటప్పుడు అబద్ధమాడుతున్నానని అతను అనుకోలేదు. అనుకుంటే ఇవ్వడు, అంత చెడ్డవాడు కాదు.

చెడ్డతనం అతని ఫోన్లో ఉంది. రెండు నెలల కింద ఎవరో లింకు పంపారు. ఎరుపో ఆకుపచ్చో చెప్పాలి, నిమిషానికో ఆట. రంగు తగిలితే పెట్టినదానికి రెట్టింపు. ఇలాంటివాటిని సర్కారు మూయిస్తూనే ఉంటుంది, అవి పేరు మార్చుకుని పుట్టుకొస్తూనే ఉంటాయి. మొదటిరోజు ఎనిమిది వందలు వచ్చాయి. ఆ ఎనిమిది వందలే అతని కొంప ముంచాయి. మొదటిరోజే పోయుంటే, ఛీ పాడు అని ఫోను పక్కన పడేసేవాడు.

తర్వాత పోవడం మొదలైంది. రెండు వేలు పోతే నాలుగు పెట్టాడు, నాలుగు పోతే ఎనిమిది పెట్టాడు. పోయింది పొల్లు, ఉన్నది గట్టి అనుకునేవాడు జూదం జోలికి పోడు. హనుమాండ్లుకు గుర్తొచ్చిన సామెత వేరు: పోగొట్టుకున్నచోటే వెతుక్కోవాలి. ఉంగరానికైతే అది మంచి సలహానే. ఉంగరం పడ్డచోట పడి ఉంటుంది గనక. పైసలు అలా పడి ఉంటాయా ఎక్కడైనా? కానీ ఆ ముక్క చెప్పడానికి పక్కన ఎవరున్నారు! ఇంట్లో భార్యకు తెలియదు, దుకాణంలో ప్రింటరు మాట్లాడదు. జనం కట్టే ఫీజులూ అతని సంపాదనా ఒకే ఖాతాలో పడేవి. ఏది ఎవరిదో ఖాతాకూ తెలియదు, కొన్నాళ్ళకు అతనికీ తెలియకుండా పోయింది. గడువు రోజు పొద్దునకి మొత్తం పోయింది ఎనభై ఆరు వేలు. ఊచకు ఇంకా ఆరు కాగితాలున్నాయి. ఖాతాలో నూటా పన్నెండు రూపాయలు.

గడువు సాయంత్రం ఐదు.

మధ్యాహ్నం రెండున్నరకి పక్క టిఫిన్ సెంటరు రాఘవయ్య దగ్గరికెళ్ళాడు. తణుకు నుంచి వచ్చి పాతికేళ్ళుగా ఇక్కడే ఇడ్లీలు వేస్తున్న మనిషి.

“బాబాయ్, ఓ ఎనిమిది వేలు సర్దుతవా? ఆరుగురి ఫీజులు కట్టాలె, ఇయ్యాలే ఆఖరు. రేపు ఇచ్చేస్త.”

“దానికంత మొహమాటం ఏంటయ్యా! పిల్లల ఫీజులంటే నేను కాదంటానా?” అని రాఘవయ్య చేయి తుడుచుకుని, అక్కడికక్కడే ఫోన్లో వేసేశాడు. వేసి, “కాఫీ తాగి వెళ్ళు. మొహం పీక్కుపోయింది,” అన్నాడు.

ఆరుగురికీ కలిపి ఏడువేల రెండొందలు. చేతిలో ఎనిమిది వేలు. టైము రెండు నలభై. కుర్చీలో కూర్చుని వరసగా ఆరూ కట్టేస్తే మూడున్నరకల్లా ఊచ ఖాళీ. అతను కుర్చీలో కూర్చున్నాడు కూడా. కంప్యూటర్లో సైటు తెరిచాడు కూడా. అప్పుడు మనసు లెక్కలేసింది. ఇవి కట్టేస్తే చేతిలో మిగిలేది ఎనిమిది వందలు. ఎనిమిది వందలతో ఎనభై ఆరు వేలు ఎన్నటికి లాగాలి? ఎనిమిది వేలుంటే మాట వేరు. ఐదింటికి ఇంకా రెండు గంటల పైన ఉంది. ఒక్క ఆట, ఎంతసేపని?

ఫోను తీశాడు. ఐదుసార్లు వరసగా ఎరుపు వచ్చి ఉంది. ఇప్పుడు ఆకుపచ్చ రాక చస్తుందా అనుకున్నాడు. అప్పటిదాకా ఏ రంగొచ్చిందో యంత్రానికి పట్టదని అతనికి తెలియకపోలేదు, వినబుద్ధి కాలేదు అంతే. ఇంకో రెండాటలూ ఎరుపే వచ్చేదాకా చూసి, ఎనిమిది వేలూ ఆకుపచ్చ మీద పెట్టాడు.

వచ్చింది!

ఇక్కడే కథ చెప్పేవాడికి చిక్కు. అతను ఓడిపోయాడని చెబితే అందరూ తల ఊపుతారు, తగిన శాస్తి అంటారు. కానీ అతను గెలిచాడు. ఎనిమిది పదహారైంది. అరగంట ఆగి పెడితే పదహారు ముప్పై రెండైంది. ఇంకో అరగంటకి ముప్పై రెండు అరవై నాలుగైంది. ధైర్యం చాలక, చివరి ఆటకి సగమే పెట్టాడు. అదీ తగిలింది. తొంభై ఆరు వేలు! రెండు నెలల్లో పోయిందంతా, రాఘవయ్య అప్పుతో సహా, పైన ఇంకో రెండు వేలు. టైము నాలుగూ ఐదు. హనుమాండ్లు కళ్ళు తడయ్యాయి. ఎల్లమ్మ తల్లికి దండం పెట్టుకుని, ఇక ఈ జన్మలో దీని మొహం చూడనని ఒట్టేసుకుని, మొత్తం ఖాతాకు పంపమని నొక్కాడు.

‘మీ అభ్యర్థన పరిశీలనలో ఉంది. ముప్పై నిమిషాల్లో జమ అవుతుంది.’

సరే, కానీలే అనుకున్నాడు. రాఘవయ్య దగ్గర కాఫీ తాగాడు. రెండు నెలల్లో మొదటిసారి కాఫీ కాఫీలా ఉంది. మళ్ళీ పైసలడగడానికి నోరు రాలేదు, అవసరమేముంది, వస్తున్నాయిగా! నాలుగున్నరయింది. రాలేదు. నాలుగూ ముప్పై ఐదు. ఫోను తెరిచి మూసి తెరిచి మూసి వేలు నొప్పెట్టింది. నాలుగూ నలభై ఒకటికి టింగుమని మోగింది. తొంభై ఆరు వేలు జమ.

పంతొమ్మిది నిమిషాలు. అతని వేగానికి మామూలు రోజైతే చాలు. ఆఖరు రోజు దేశమంతా అదే సైటు మీద పడుంటుంది. పైనున్న కాగితం లాగాడు, కట్టాడు. రెండోది, మూడోది. నాలుగోదానికి పేజీ ఆగిపోతే మళ్ళీ మొదలుపెట్టాడు. ఐదోది అయ్యేసరికి నాలుగూ యాభై ఆరు. ఊచకు ఒక్కటే మిగిలింది. అందరికన్నా ముందు వచ్చినామెది.

పేరు కొట్టాడు, ఫొటో ఎక్కించాడు, సంతకం ఎక్కించాడు. ఫీజు దగ్గర చక్రం తిరగడం మొదలైంది. తిరిగింది. “రావే తల్లి, రావే, నీ కాళ్ళు మొక్కుత,” అని పైకే అన్నాడు. మెట్ల మీద జిరాక్స్ కోసం నిలబడ్డ మనిషి వింతగా చూశాడు. చక్రం తిరుగుతూనే తెర తెల్లగా అయింది. తర్వాత ఎర్ర అక్షరాల్లో ఒక్క వరస వచ్చింది: గడువు ముగిసింది.

సర్వర్ అనొచ్చు. అమీర్‌పేటలో సర్వర్ అంటే నమ్మని మనిషి లేడు. హనుమాండ్లు ఆ అబద్ధాన్ని నోట్లో వేసుకుని, దుకాణం మూసి, దారిలో ఏటీఎంలో పదివేలు తీసుకుని, పంజాగుట్ట దాకా నడిచాడు. ఆరింటికి సుకన్య డ్యూటీ దిగి అక్కడి బస్టాపుకు వస్తుందని తెలుసు.

ఆమె దూరంనుంచే చూసింది. నవ్వుతూ గబగబా వచ్చింది.

“అయ్యో, ప్రింట్ ఇయ్యనీకి నువ్వే వచ్చినవా అన్నా! రేపొద్దున నేనే వస్తుంటి కదా.”

దాంతో నోట్లో ఉన్న అబద్ధం కాస్తా కరిగిపోయింది. అతను చెప్పేశాడు. లింకు, ఎనభై ఆరు వేలు, రాఘవయ్య, ఆకుపచ్చ, ఊచ అడుగున ఆమె కాగితం, అన్నీ. బస్సులు వచ్చి పోతుంటే మధ్యమధ్యలో గొంతు పెంచి చెప్పాల్సి వచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాడు.

“తప్పయింది చెల్లె. పోయినకాడ్నే ఎతుక్కుందామనుకున్న,” అని జేబులోంచి కవరు తీశాడు. “పదివేలున్నయ్. ఉంచుకో.”

సుకన్య కవరు తీసుకుని, అందులోంచి పన్నెండు వందలు లెక్కపెట్టి తీసుకుని, మిగతాది అతని చేతిలో పెట్టేసింది.

“నీ పైసలు పోయినకాడ నీకు దొరికినయ్ అన్నా,” అంది. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. “నా తేదీ నేనేడ ఎతుక్కోవాలె?”

యూసుఫ్‌గూడ బస్సు వచ్చింది. ఆమె ఎక్కింది. కిటికీ పక్కన సీటు దొరికినా, ఇటు తిరిగి చూడలేదు.

మర్నాడు దుకాణం తొమ్మిదింటికే తెరిచాడు. ఇంకో నోటిఫికేషన్‌కని మొదట వచ్చిన ఒకామె కాగితం, డబ్బు బల్ల మీద పెట్టి, “ఇంకా ఆరు రోజులుంది అన్నా, మెల్లగ చెయ్యి. నువ్వున్నవ్ గద,” అంది. ఊచలు బల్ల మీద లేవు. హనుమాండ్లు ఆ డబ్బు ముట్టుకోలేదు.

“కూసో అమ్మా,” అన్నాడు కంప్యూటరు ఆన్ చేస్తూ. “ఫీజు నీ ఫోన్లకెంచే కట్టు. ప్రింట్ తీస్కొనే పో.”