సివిల్ బండి

రామ్‌సింగ్‌కు సివిల్ వాళ్ళంటే గిట్టదు. క్యూలో వంకరగా నిలబడ్డవాడూ, చెప్పిన టైముకు రానివాడూ, చొక్కా గుండీలు పెట్టుకోనివాడూ అందరూ ఆయన లెక్కలో ఒకటే జాతి. "సివిల్ గాళ్ళు" అని పళ్ళు నూరి మొహం పక్కకు తిప్పుకుంటాడు. ఎయిర్‌ఫోర్సులో ఇరవై ఏళ్ళు హెలికాప్టర్ ఇంజన్లు విప్పి బిగించి, సార్జెంటుగా రిటైరై, ములకలపల్లి పక్కన తండాలో ఇల్లు కట్టుకుని కూర్చున్న మనిషి. తనూ ఇప్పుడు సివిల్ వాడేనన్న సంగతి మాత్రం ఆయన బుర్రకు ఇంకా ఎక్కలేదు.

ఎక్కించాలని భార్య సువర్ణ అప్పుడప్పుడూ చూసేది.

"పొద్దుగాల్నే లేసి బూట్లు పాలిష్ చేస్తవ్. యాడికి పోనీకి? పత్తి చేన్లకా?"

ఆయన వినపడనట్టు బ్రష్ ఆడిస్తూనే ఉండేవాడు. ఎక్కడికి పోవాలో ఆయనకు తెలుసు. పోనిచ్చేవాడే లేడు.

సంగతేమిటంటే, సివిల్ విమానాల మీద పని చేయాలంటే ఫోర్సులో చేశానంటే చెల్లదు. దానికి వేరే లైసెన్సు కావాలి. లైసెన్సున్న ఇంజనీరు చూసి సంతకం పెడితేనే విమానం లేస్తుంది. లేనివాడు ఎంత పనిమంతుడైనా పక్కన నిలబడి పానాలు అందించాల్సిందే. రామ్‌సింగ్ ఆ పరీక్షలన్నీ రాశాడు. ప్రశ్నపత్రం తయారుచేసినవాడి చదువును తిట్టుకుంటూ రాశాడు, పాసయ్యాడు కూడా. ఇక చేతికి వచ్చినట్టే అనుకుంటున్నప్పుడు అసలు మెలిక తెలిసింది. ఏదైనా సివిల్ కంపెనీలో, లైసెన్సున్న ఇంజనీరు చేతికింద, ఒక ఏడాది పనిచేసి ఉండాలట. ఇరవై ఏళ్ళు ఆ ఒక్క ఏడాదికి సాటి రావట.

"నేను పానా పట్టిననాడు నిక్కర్లేసుకోని తిరిగిన పోరగాండ్ల కింద నేను చెయ్యాల్నా?" అని ఇంటి కప్పు ఎగిరిపోయేలా అరిచాడు. అరిచిన మర్నాడే ఆ పోరగాళ్ళ కంపెనీలకు దరఖాస్తులు పెట్టడం మొదలుపెట్టాడు. ఒక్కరూ పలకలేదు. ఏడాది దొరికితే లైసెన్సు, లైసెన్సుంటే మళ్ళీ ఇంజన్లు. దొరక్కపోతే పాల్వంచలో ఏదో ఫ్యాక్టరీ గేటు దగ్గర ఈల మెడలో వేసుకుని, వచ్చే పోయే లారీలకు గేటు తీయడం. రిటైరైన సైనికుడంటే లోకానికి అంతకన్నా ఏమీ తోచదు. ఆ గేటు తలుచుకుంటే ఆయనకు అన్నం సయించేది కాదు.

అట్లాంటి రోజుల్లో 2009 ఎన్నికలొచ్చాయి. ఒక మధ్యాహ్నం సువర్ణ తమ్ముడు తిరుపతి, మెడలో పార్టీ కండువాతో, బండి స్టాండు కూడా వేయకుండా ఇంట్లోకి దూసుకొచ్చాడు.

"బావా, జల్దీ నడువు! మా లీడర్ వచ్చిన హెలికాప్టర్ ఖరాబైంది. మా బావ ఉన్నడు, గిట్లగిట్ల రిపేర్ చేస్తడని చెప్పిన."

"ఎవడు చెప్పుమన్నడు నిన్ను?" అన్నాడు రామ్‌సింగ్. కానీ అప్పటికే బూట్లు తొడుగుతున్నాడు.

స్కూలు గ్రౌండు జాతరలా ఉంది. మీటింగు అయిపోయినా జనం లీడర్ని వదిలేసి హెలికాప్టర్ చుట్టూ మూగారు. దాని నీడలో నల్ల కళ్ళద్దాలతో, బెల్టు మీదికి జారిన పొట్టతో పైలట్ నిలబడి ఉన్నాడు. కెప్టెన్ వెంకటరామారావు. ఒకప్పుడు మంచి పైలటే అయ్యుంటాడు. ఇప్పుడు మాత్రం పెళ్ళివారి కారు డ్రైవరులా చెమటలు కక్కుతూ గెస్ట్‌హౌస్ వైపు బిక్కుబిక్కుమని చూస్తున్నాడు. లీడర్ అక్కడ భోంచేస్తున్నాడు. లేవగానే కల్లూరు మీటింగుకు ఎగరాలి.

కెప్టెన్ ఇంజన్ పక్కన వేలు పెట్టి చూపించాడు. ఆయిల్ గొట్టాన్ని పట్టి ఉంచే నట్టు. అదురుకు వదులు కాకుండా అలాంటి నట్లకు సన్నటి తీగను మెలిపెట్టి కడతారు. లాకింగ్ వైరంటారు. అది తెగి వేలాడుతోంది.

"మీ ఇంజనీరేడి?" అని అడిగాడు రామ్‌సింగ్.

"ఫ్యూయల్ డ్రమ్ములేసుకుని జీపులో వస్తున్నాడు. పాల్వంచలో ఎవరిదో ఊరేగింపులో ఇరుక్కున్నాడు. ఇదేం బ్రహ్మవిద్య కాదుగదయ్యా, తీగ ముక్క. తెగినట్టు కంటపడితే మనసొప్పక పిలిపించాను. తీగా, పట్కారూ లోపలున్నాయి. కట్టెయ్యి."

"నాకు లైసెన్స్ లేదు సార్. ఒక ఏడాది కంపెనీల చెయ్యాలె."

కెప్టెన్ కళ్ళద్దాలు తీసి మొదటిసారి మనిషిని చూశాడు. ఎరను ఎక్కడ గుచ్చాలో తెలిసిపోయింది.

"ఓస్, అంతేనా? మా ఓనరు నా మాట జవదాటడు. నీ ఏడాది నేను చూసుకుంటాను. కాకపోతే మా ఇంజనీరు కుర్రాడికి చెప్పకు. వాడు చిన్నదానికీ నానా యాగీ చేస్తాడు."

ఇలాంటి మాట ఫోర్సులో ఏ పైలటైనా అని ఉంటే రామ్‌సింగ్ అక్కడికక్కడే కడిగేసేవాడు. అక్కడ కట్టేవాడొకడు, చూసేవాడొకడు, ఇద్దరూ సంతకం పెట్టాలి. తీగ తెగిందంటే ముందు ఎందుకు తెగిందో తేలాలి. నట్టు ఎంత బిగువుండాలో అంత ఉందో లేదో కొలిచే పానా వేరే ఉంటుంది. అది పెట్టి చూడందే కొత్త తీగ ముట్టుకోనివ్వరు. ముట్టుకోనివ్వనివాళ్ళలో రామ్‌సింగే మొదటివాడు. ఆ పానా ఇక్కడ లేదు. అది జీపులో ఉంది, జీపు పాల్వంచలో ఉంది.

మామూలు పానా పెట్టి నొక్కి చూశాడు. గట్టిగానే ఉన్నట్టు తోచింది. లీడర్లను మీటింగులకు మోసే అద్దె బండి. దీనికి ఇంతకన్నా మర్యాదలు అక్కర్లేదనుకున్నాడు. "ఈ సివిల్ బండికి ఇది చాల్లే" అని తీగ అందుకున్నాడు.

కట్టడం మాత్రం అద్భుతంగా కట్టాడు. జడ అల్లినట్టు మెలిక మీద మెలిక, ఎక్కడా వదులు లేదు, చివర కొన లోపలికి మడిచి. చాలా కాలం తర్వాత చేతికి ఇంజన్ ఆయిల్ వాసన అంటింది. ఒళ్ళంతా హాయిగా అనిపించింది. తిరుపతి ఈల వేశాడు.

లీడర్ భోజనం ముగిసేలోపే జీపు వచ్చేసింది. దాంట్లోంచి నెత్తి నుంచి పాదాల దాకా ఎర్రదుమ్ముతో, చొక్కా బయటికి వేలాడుతూ, బక్కపలచటి కుర్రాడొకడు దిగాడు. పేరు చిరంజీవి. మాది దుమ్ముగూడెం దిక్కేనని ఎవరికో చెబుతూ నీళ్ళ సీసా ఎత్తి గటగటా తాగాడు. రామ్‌సింగ్ ఎగాదిగా చూశాడు. ఇంజనీరట! ఫోర్సులో అయితే ఈ వాలకంతో హ్యాంగరు ఊడవడానికి కూడా రానివ్వరు. ఇట్లాంటివాడి సంతకానికి ఉన్న విలువ తన ఇరవై ఏళ్ళకు లేదు.

"తీగ తెగిందని ఫోన్ల చెప్పిన్రు కదా సార్," అన్నాడు చిరంజీవి.

"పొరబడ్డానయ్యా, ఎండకు సరిగా కనపళ్ళేదు. సంతకం పెట్టు, లీడరొచ్చేస్తాడు."

కుర్రాడు వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇది నేను కట్టింది కాదు. కొత్తది. ఎవరు కట్టిన్రు?"

కెప్టెన్ నీళ్ళు నమిలాడు. రామ్‌సింగ్ తన బూట్ల వంక చూసుకున్నాడు. ఇంకో నిమిషం ఎవరూ నోరు విప్పకపోతే ఏమయ్యేదో గాని, విప్పడానికి తిరుపతి ఉన్నాడు. కండువా సర్దుకుని, ఊరంతటి తరఫునా ముందుకొచ్చాడు.

"మా బావ సార్! ఎయిర్‌ఫోర్స్! మేమందరం చూసినం. రెండు నిమిషాల్ల కట్టేసిండు!"

జనం చప్పట్లు కొట్టారు. నిజంగానే, మనస్ఫూర్తిగా కొట్టారు. కెప్టెన్ ఒక్కసారిగా రామ్‌సింగ్ మీద విరుచుకుపడ్డాడు.

"ఎవరయ్యా నిన్ను ముట్టుకోమంది? నేనటు మంచినీళ్ళకు వెళితే ఎవడు పడితే వాడు చెయ్యి పెట్టేయడమేనా?"

రామ్‌సింగ్‌కు కోపం రాలేదు. అంతకన్నా చల్లటిది, పాచినీళ్ళలాంటి అసహ్యం వచ్చింది. ఈ మనిషి మాట నమ్మి పట్కారు పట్టాను గదా అని. ఉమ్మేయాలనిపించింది. నువ్వు చెప్తేనే గదా అని అనబోయి ఆగాడు. పై ఆఫీసరు చెప్పాడు సార్ అని నసిగిన కుర్రాళ్ళను తను ఎట్లా చీదరించుకునేవాడో గుర్తుకొచ్చింది.

"అవ్. నేనే కట్టిన," అన్నాడు చిరంజీవితో.

కుర్రాడు మళ్ళీ ఇంజన్ మీదికి వంగాడు. పట్కారుతో ఆ తీగను కత్తిరించి తీసి జేబులో వేసుకున్నాడు. జనం అయ్యో అన్నారు. జీపులోంచి పొడుగాటి పానా తెచ్చి నట్టుకు తగిలించాడు. సరైన బిగువు రాగానే టక్కుమనే పానా అది. నట్టు సరిగ్గా ఉంటే ఇంచు కూడా కదలకుండా టక్కుమనాలి.

పానా తిరిగింది. అతను ఇంకా నొక్కాడు. ఇంకా తిరిగింది. ఆ తర్వాతెప్పుడో టక్కుమంది.

చుట్టూ ఉన్నవాళ్ళకు ఏమీ అర్థం కాలేదు. రామ్‌సింగ్‌కు మాత్రం అర్థమైంది. నట్టు వదులుగా ఉంది. తను దానికి అందంగా జడ అల్లి, అట్లాగే గాల్లోకి పంపబోయాడు. అడవి మీద ఆ గొట్టం ఊడి ఆయిలంతా పోతే ఇంజన్ పట్టేస్తుంది. దిగుదామంటే కింద చెట్లు తప్ప జాగా ఉండదు. ఇన్నేళ్ళూ ఎవరిని చూసి మొహం తిప్పుకున్నాడో, వాళ్ళలో ఒక్కడు కూడా ఇంత పాడుపని చేయలేదు.

చిరంజీవి లేచి చేతులు తుడుచుకున్నాడు. వెటకారమేమీ లేదు. తెలుసుకోవాలనే అడిగాడు.

"అన్నా, మీ సర్వీసుల ఎవరన్న గిట్ల చేస్తే ఏం చేసెటోళ్ళు?"

రామ్‌సింగ్ అబద్ధమాడవచ్చు. వార్నింగ్ ఇచ్చి వదిలేసేవాళ్ళమనవచ్చు. ఈ కుర్రాడి చేతికింద ఏడాది కావాలంటే అదే చెప్పాలి.

"మళ్ళ హెలికాప్టర్ ఛాయలకు రానిచ్చెటోళ్ళం కాదు," అన్నాడు.

చిరంజీవి తలూపి, కొత్త తీగ తీసి తనే కట్టాడు. మెలికలు ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా పడ్డాయి. చూడ్డానికి ఏమాత్రం బాగాలేదు. సంతకం పెట్టాడు. లీడర్ దండలతో సహా వచ్చి ఎక్కాడు, కెప్టెన్ ఎవరి మొహమూ చూడకుండా ఎక్కాడు. ఇసుకా చెత్తా రేపుకుంటూ హెలికాప్టర్ లేచి కల్లూరు దారి పట్టింది. దాని వెనకే జీపూ కదిలింది.

జనం చెదిరిపోతుంటే తిరుపతి దగ్గరికొచ్చాడు. మొహం చిన్నబోయింది.

"ఏంది బావా, నువ్వు కట్టిన దానికన్న ఆయన కట్టింది మస్తు గలీజుగున్నది. మరి నౌకరి సంగతి? ఇస్త అన్నడా?"

"ఇయ్యడు."

"ఏమైతదట? అంత పని తెలిసినోనికి ఇయ్యనీకి ఏం రోగం వానికి?"

రామ్‌సింగ్ చేతులకంటిన ఆయిల్‌ను ప్యాంటుకు తుడుచుకున్నాడు. పోలేదు.

"నేనైనా ఇయ్యను," అన్నాడు.