పల్లవికి ముందు

"పాట మొదట్లో ఆ కూనిరాగం ఎవడిక్కావాలి? కోసి పారెయ్," అన్నాడు ఆయన, బూటు లేసు కట్టుకుంటూ.

ఆమె ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఇస్త్రీ బల్ల పక్కనే కంప్యూటరు. ఒకప్పుడు మూడు గదులూ, వీధిలోకి పెద్ద బోర్డూ ఉన్న క్యాసెట్ల కంపెనీ ఇప్పుడు ఆ మూలకి ఒదిగిపోయింది. మామగారి కాలంలో కొత్త కోడలిగా ఆమె పని, డబ్బాల్లో బొమ్మల అట్టలు దూర్చడం, కాపీల్లో గరగర ఉందేమో వినడం. వంట చేస్తూ వినొచ్చు కదా అన్నారు, విన్నది. తరవాత సీడీలొచ్చాయి, పోయాయి. క్యాసెట్ల కొట్టు చెప్పుల కొట్టయింది. పాటలన్నీ ఫోన్లలోకి ఎక్కాయి. పాత టేపుల్ని శుభ్రం చేసి, కంప్యూటర్లోకి ఎక్కించి, లోకానికి పంపే విద్య ఎవరో ఒకరు నేర్చుకోవలసి వచ్చినప్పుడు, "నువ్వెలాగూ ఇంట్లోనే ఉంటావుగా," అన్నాడు ఆయన. నేర్చుకుంది. ఆయనేమో కార్డు మీద డిజిటల్ డైరెక్టర్ అని అచ్చు వేయించుకున్నాడు. పాపం, పాస్‌వర్డ్ కావలసొస్తే ఇప్పటికీ వంటింట్లోకి కేక వేస్తాడు.

ఈ మధ్య ఆయనకి కొత్త పిచ్చి పట్టుకుంది. జనం ఏ పాటని ఎక్కడ వదిలేసి పోతున్నారో తెర మీద ఒక గీత చూపిస్తుంది. పొద్దున్నే కాఫీతో పాటు అదీ చూడాలి. "చూడు, గొంతు మొదలయ్యేలోపే జారుకుంటున్నారు. అర నిమిషమైనా వినకపోతే విన్నట్టే కాదట. ఇవి టేపు రోజులా? అప్పుడంటే ముందుకి తిప్పడానికి బద్ధకించి వినేవాళ్ళు. ఇప్పుడు వేలు కదిపితే చాలు." ఆ మాటలో అబద్ధమేమీ లేదని ఆమెకీ తెలుసు. అందుకే కూరగాయల కొసలు తీసేసినట్టు ఎన్నో పాటల మొదళ్ళు తీసేసింది. వేణువు వాయించినాయన ఊపిరి, వయొలిన్ల బారు, అన్నీ పోయాయి. ఈ పాట దగ్గరే ఆమె చెయ్యి ఆడలేదు.

ఈ పాట రికార్డు చేస్తున్న రోజు ఆమె స్టూడియోకి భోజనం క్యారియరు తీసుకెళ్ళింది. పెద్ద గాయని పాడేసి వెళ్ళిపోయింది. సంగీతం కూర్చిన మాస్టారికి మాత్రం పాట మొదట్లో ఏదో వెలితిగా ఉంది. గిన్నెలు సర్దుతూ ఆమె తనలో తాను తీస్తున్న రాగం మాస్టారి చెవిన పడింది. "అమ్మాయీ, అదే మైకు ముందు అను తల్లీ," అన్నారు. పెళ్ళికి ముందు నేర్చుకున్న సంగీతంలో గిన్నెల మధ్య మిగిలింది ఆ కాస్తే. తడి చేతులు కొంగుకి తుడుచుకుని పాడింది, నిమిషానికి కొంచెం తక్కువ. మాస్టారు కళ్ళు మూసుకుని విన్నారు. ఆమె గొంతుని ఎవరైనా అంత శ్రద్ధగా వినడం అదే మొదలు, అదే ఆఖరు. ఇంటికొచ్చాక అత్తగారు కొడుకుని పిలిచి, "ఇంటి కోడలి పేరు బజారుకెక్కాలా? పేరు మటుకు వేయించకు నాయనా," అంది. ఆయన వేయించలేదు. పాట మాత్రం ఇంటింటా మోగింది.

"ఏమండీ, ఆ రాగం తీసిందెవరో గుర్తుందా?" అని అడిగింది ఆమె, చేతిలోని చొక్కా అలాగే పట్టుకుని.

ఆయన గుమ్మంలో ఆగి నిజంగానే ఆలోచించాడు. అదే ఆమెకి మింగుడుపడలేదు. వెక్కిరించి పోయినా బాగుండేది.

"ఎవరో కోరస్ అమ్మాయి అయ్యుంటుంది. ఇప్పుడెందుకవన్నీ? సాయంత్రంలోపు పంపెయ్. పల్లవి ఎత్తుకున్న చోట సరిగ్గా కొయ్యి. పిసరంత కూడా అటూ ఇటూ కాకూడదు."

తలుపు పడింది. ఏడుపొస్తుందేమో అని చూసింది, రాలేదు. కోపం వచ్చింది, కాసేపుండి అదీ చల్లారింది. మిగిలిన బట్టలు మడతపెట్టి, ఆయన చొక్కాలు ఆయన అరలో పెట్టి, కంప్యూటరు ముందు కూర్చుంది. పాట మొదటినుంచీ ఒకసారి విన్నది. ఆ గొంతు బాగుంది. ఇన్నేళ్ళలో ఆ మాట ఆమె తనతో తాను కూడా అనుకోలేదు.

పల్లవి ఎత్తుకున్న చోట సరిగ్గా గీత పెట్టింది. పిసరంత కూడా అటూ ఇటూ కాలేదు. ఆయన చెప్పినట్టే కోసింది. కోశాక పాటని తీసేసి, కూనిరాగాన్ని పంపింది.